టికింటర్ విండో అప్‌డేట్ కావట్లేదా? ముందు ఇది చూడండి

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి, ఆదోనిలో పత్తి, అనంతపురంలో వేరుశనగ. ఇలాంటి ధరలను సెకనుకొకటి చొప్పున చూపించే బోర్డును పైథాన్‌లో, విండోలు తయారు చేసే టికింటర్ లైబ్రరీతో రాశారనుకుందాం. బటన్ నొక్కితే ఫర్ లూప్ తిరగాలి, ప్రతి ధర లేబుల్‌లోకి (విండోలో అక్షరాలు చూపించే చోటు) వెళ్లాలి, మధ్యలో స్లీప్ ఒక సెకను ఆపాలి. నడిపి చూస్తే బటన్ నొక్కినది నొక్కినట్టే ఉండిపోతుంది, విండో బిగుసుకుపోతుంది, చివరికి ఆఖరి ధర ఒక్కటే కనబడుతుంది. విండోస్‌లో లిస్టు కాస్త పొడవైతే టైటిల్ పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని కూడా వస్తుంది.

ఇక్కడ చాలామంది పైథాన్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, లేకపోతే ల్యాప్‌టాప్ స్లో అంటారు. దయచేసి అవన్నీ పక్కన పెట్టండి. బటన్‌కు తగిలించిన ఫంక్షన్ మొదటి లైన్‌లో ఒక ప్రింట్, చివరి లైన్‌లో ఒక ప్రింట్ పెట్టి నొక్కండి. మొదటిది వెంటనే వచ్చి రెండోది ఆలస్యంగా వస్తే కారణం దొరికినట్టే. అర నిమిషం పని. ప్రాజెక్టు సబ్మిషన్ ముందురోజు టెన్షన్‌లో దీన్నే వదిలేస్తారు.

మెయిన్‌లూప్, అంటే విండోను నడిపే టికింటర్ లూప్, ఈవెంట్లను (క్లిక్‌లు, కీ నొక్కులు లాంటివి) వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటుంది. క్లిక్ రాగానే మీ ఫంక్షన్‌ను పిలుస్తుంది. అది ముగిసి వెనక్కి వచ్చేదాకా ఇంకే పనీ చేయదు. లేబుల్ టెక్స్ట్ మార్చినప్పుడు 'దీన్ని మళ్లీ గీయాలి' అని గుర్తు మాత్రమే పడుతుంది. గీయడం మెయిన్‌లూప్‌కు తీరిక దొరికాకే. మీ ఫంక్షన్ స్లీప్‌లో కూర్చుంటే ఆ తీరిక ఎక్కడిది? ఉల్లి ధర గీసేలోపే దాని మీద పత్తి ధర రాసేశారు.

పరిష్కారం ఏమిటంటే, లూప్, స్లీప్ రెండూ తీసేయండి. ఎన్నో ధర దగ్గర ఉన్నామో ఒక వేరియబుల్‌లో దాచుకోండి. ఫంక్షన్ ఒక్క ధర చూపించి, లెక్క ఒకటి పెంచి, ఇంకా ధరలు మిగిలి ఉంటే ఆఫ్టర్‌కు (ఇంతసేపటి తర్వాత ఈ ఫంక్షన్‌ను పిలువు అని టికింటర్‌కు చెప్పేది) 1000 మిల్లీసెకన్లు, తన పేరు ఇచ్చి బయటికి వచ్చేయాలి. పేరు మాత్రమే ఇవ్వాలి, దాని వెనక బ్రాకెట్లు పెట్టకూడదు. బ్రాకెట్లు పెడితే ఫంక్షన్ అక్కడికక్కడే నడిచిపోతుంది, ఆఫ్టర్ చేతికి నన్ (None, అంటే ఏమీ లేదు) మిగులుతుంది. నన్ అందుకున్న ఆఫ్టర్ అచ్చం స్లీప్ లాగే అంతసేపూ విండోను ఆపేస్తుంది. ఎర్రర్ రాదు, పాత జబ్బే మళ్లీ కనబడుతుంది. 'ఆఫ్టర్ వాడినా పని చేయట్లేదు' అంటే నేను మొదట ఆ బ్రాకెట్లే చూస్తాను.

అసలు బాధ పెట్టేది ఇంకొకటి. ఎవరో చెబుతారు, 'లూప్‌లో అప్‌డేట్ అని ఒక్క లైన్ పెట్టు, అయిపోతుంది' అని. పెడితే నిజంగానే ధరలు ఒక్కొక్కటిగా మారతాయి. అందరూ అక్కడే ఆగిపోతారు. కానీ అప్‌డేట్ గీయడంతో ఆగదు. ఎదురుచూస్తున్న క్లిక్‌లు, కీ నొక్కులు అన్నింటినీ అప్పుడే, మీ ఫంక్షన్ మధ్యలోనే నడిపేస్తుంది. వేరుశనగ దగ్గర ఉండగా ఎవరైనా బటన్ మళ్లీ నొక్కారనుకోండి. మొదటి లూప్ పొట్టలో రెండో లూప్ మొదలవుతుంది. బోర్డు ఉల్లికి వెనక్కి వెళ్లి, చివరిదాకా నడిచి, ఆ తర్వాత మొదటి లూప్ ఆగిన చోటు నుంచి మళ్లీ సాగుతుంది. ధరల లిస్టే తప్పనుకుని గంటలు గంటలు దాన్ని వెతుకుతారు. మధ్యలో విండో మూసేస్తే ఇంకో రకం. విండో పోయినా లూప్ బతికే ఉంటుంది, లేని లేబుల్‌ను మార్చబోయి 'ఇన్వాలిడ్ కమాండ్ నేమ్' అని పడిపోతుంది. ఒక్కరే నెమ్మదిగా నొక్కి పరీక్షించినప్పుడు ఇవేవీ బయటపడవు. డెమోలో ఇంకొకరు మౌస్ పట్టుకోగానే బయటపడతాయి.

కాబట్టి మీ ప్రోగ్రామ్‌లో అప్‌డేట్ ఎక్కడుందో వెతికి, ఆ లూప్‌ను ఆఫ్టర్‌లోకి మార్చండి. చిన్న పని ముందు 'ఆగండి' అని చూపించడానికైతే అప్‌డేట్ ఐడిల్‌టాస్క్స్ (update_idletasks) సరిపోతుంది. అది క్లిక్‌లను నడపదు. ఆఫ్టర్‌కు మారాక కూడా బటన్ రెండుసార్లు నొక్కితే రెండు వరుసలు కలిసి నడిచి ధరలు దాటుకుంటూ పోతాయి. బోర్డు నడుస్తున్నంతసేపు బటన్‌ను డిసేబుల్ చేయండి, లేదా ఆఫ్టర్ తిరిగిచ్చిన ఐడీని దాచుకుని ఆఫ్టర్ క్యాన్సెల్‌తో పాతదాన్ని ఆపండి.

మిగతావి అరుదు. లేబుల్ 'నన్‌టైప్' అని ఎర్రర్ వస్తే, లేబుల్ తయారు చేసిన లైన్‌లోనే దాన్ని విండోలో అమర్చే ప్యాక్ కూడా కలిపేశారు. ప్యాక్‌ను వేరే లైన్‌లో రాయండి. బొమ్మ మాత్రమే కనబడకపోతే, బొమ్మను పట్టుకునే ఫోటోఇమేజ్‌ను ఫంక్షన్ ముగిసినా పోని వేరియబుల్‌లో ఉంచండి. నెట్ నుంచి ధరలు తెచ్చే పని నిజంగానే ఆలస్యమైతే థ్రెడ్ (పక్కన విడిగా నడిచే పని) పెట్టుకోవచ్చు. కానీ ఆ థ్రెడ్ లేబుల్ జోలికి పోకూడదు. తెచ్చింది వరుసలో దాచే క్యూలో వేస్తే, ఆఫ్టర్‌తో నడిచే ఫంక్షన్ దాన్ని తీసుకుని చూపిస్తుంది.