వయొలిన్ తయారీ, 4వ పాఠం: అచ్చు నడుము ఎందుకు లావైంది?

ఈసారి పక్కపట్టీలు, అంటే వయొలిన్ చుట్టూ గోడలా నిలబడే పలుచటి చెక్క పట్టీలు, వేడి మీద వంచడం మొదలుపెడదామనుకున్నాను. మీరు పంపిన ఫొటోలు, కొలతలు చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. ఆదోని, ప్రొద్దుటూరు, గుంతకల్లు, ఎవరి అచ్చు (ఆ పట్టీలను ఆనించి బిగించే చెక్క ఆకారం) చూసినా ఒకటే జబ్బు. పొడవు సరిపోయింది, నడుము మాత్రం లావైంది.

పోయిన పాఠంలో ఒక మాట చెప్పాను: అచ్చు గీత, పలక (వయొలిన్ పైన, కింద ఉండే చెక్క) గీతకు చుట్టూ 3.5 మి.మీ. లోపల ఉండాలి అని. పలక అంచు పక్కపట్టీ దాటి 2.5 మి.మీ. బయటికి రావాలి, పట్టీ మందం 1 మి.మీ., అంతే లెక్క. దానికి మీలో చాలామంది జిరాక్స్ షాపుకెళ్ళి, "అన్నా, దీన్ని 98 శాతం చెయ్యి" అన్నారు. ఎందుకన్నారో నాకు తెలుసు. పలక పొడవు 356 మి.మీ., అందులోంచి పైన 3.5, కింద 3.5 తీస్తే 349. అది 356లో 98 శాతమే. లెక్క తప్పు కాదు, పొడవు వరకే.

ఇప్పుడు నడుము చూడండి. పలక నడుము 110. అచ్చు 103 ఉండాలి. 98 శాతం చేస్తే 107.8 వస్తుంది. ఒక్కో పక్క మిగిలేది 1.1 మి.మీ. అందులో పట్టీకే 1 పోతే, పలక అంచు బయటికి వచ్చేది 0.1. గోరు కూడా ఆనదు. కింది భాగం వెడల్పు 208, అక్కడ అంచు 1 మి.మీ. చిల్లర మిగులుతుంది. పైభాగం 168, అక్కడ 0.7 కూడా రాదు. అంటే ఒకే వయొలిన్‌కు మూడు చోట్ల మూడు రకాల అంచు. పోనీ కింది భాగానికి సరిపోయేలా 96.6 శాతం చేద్దామన్నారు ఒకాయన. చేయండి, పొడవు 5 మి.మీ. తగ్గిపోతుంది. ఏ శాతం పెట్టినా ఒకచోట కుదిరితే ఇంకోచోట చెడుతుంది. చొక్కా ఒక సైజు తగ్గించడం వేరు, చుట్టూ అంచు మడిచి కుట్టడం వేరు. మనకు కావలసింది రెండోది.

ఇంకో సంగతి కూడా ఉంది. జిరాక్స్‌లో చిన్నది చేస్తే వంపులన్నీ చిన్నవవుతాయి. నిజానికి పైన, కింద ఉబ్బెత్తు వంపుల వ్యాసార్థం 3.5 తగ్గాలి, నడుము దగ్గరి లోపలి వంపు వ్యాసార్థం 3.5 పెరగాలి. మెషీన్‌కు ఈ తేడా ఎలా తెలుస్తుంది?

కాబట్టి వృత్తలేఖిని తీసుకోండి, పిల్లల జామెట్రీ బాక్సులోది చాలు. 3.5కు తెరిచి, పలక గీత మీద 5 మి.మీ.కు ఒకచోట ముల్లు గుచ్చి, లోపలివైపు చిన్న చాపం గీయండి. ఆ చాపాల శిఖరాలను తాకుతూ పోయే గీతే అచ్చు గీత. వంపు బిగువుగా ఉన్నచోట 3 మి.మీ.కు ఒకటి వేయండి. మూలల దగ్గర రెండు గీతలనూ పొడిగించి కలవనివ్వండి, అక్కడ మూలదిమ్మె (పట్టీల చివరలు అంటించే చెక్క ముక్క) వస్తుంది. పెన్సిల్ 2హెచ్. మెత్తటి పెన్సిల్ గీత మందమే అర మిల్లీమీటరు మింగేస్తుంది.

అసలు పలక బొమ్మ ప్రింటు సరైనదేనా అన్నది ముందే చూసుకోవాలి. ఏ4 కాగితం పొడవు 297, అందులో 356 పట్టదు. ఏ3 మీద, 'ఫిట్ టు పేజ్' తీసేసి కొట్టించండి. బొమ్మ పక్కన ఇచ్చిన 100 మి.మీ. గీతను స్టీలు స్కేలుతో కొలిచాకే డబ్బులివ్వండి.

అచ్చు గీతలో సగం మాత్రమే కోసి, తిరగేసి రెండో సగం గీసుకునే సగం టెంప్లెట్‌కు నేను వాడేది 1 మి.మీ. అల్యూమినియం రేకు. బీరువాలు, కిటికీలు చేసేవాళ్ళ దగ్గర ముక్కలు దొరుకుతాయి. కర్నూల్లో అయితే సైన్‌బోర్డుల వాళ్ళ దగ్గర అక్రిలిక్ ముక్కలు కూడా ఉంటాయి, కానీ ఆకురాయి పెడితే అంచు పెచ్చులూడుతుంది, నాకు నచ్చదు. మధ్యగీత మీద రెండు బెజ్జాలు, పిన్నులు, తిరగేసి గీయడం మీకు తెలిసిందే.

లోపలి అచ్చే (పట్టీలు దాని చుట్టూ వస్తాయి) ఎందుకు, బయటి అచ్చు (పట్టీలు దాని లోపల వస్తాయి) వద్దా అని కొందరడిగారు. పారిస్‌లో వియోమ్ అనే వయొలిన్ తయారీదారు బయటి అచ్చులు వాడాడు, బాగానే చేశాడు. ఇటలీ వయొలిన్ తయారీదారు స్ట్రాడివరి లోపలి అచ్చులు వాడాడు, అవి అతని ఊరు క్రెమోనాలోని మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. లోపలి దానికి ప్లైవుడ్ తక్కువ, క్లాంపు పట్టేది తేలిక. నా ఓటు దానికే.

ప్లైవుడ్ కోశాక అంచుకు మూలమట్టం ఆనించి చూడండి. వంపుల్లో జిగ్‌సా బ్లేడు వాలుతుంది, పైన సరిగ్గా ఉండి కింద బయటికో లోపలికో పోతుంది. సందులోంచి వెలుతురు కనిపిస్తే ఆకురాయి పట్టండి. పట్టీలు జిగురుతో అచ్చుకు అతుక్కోకుండా అంచుకు కొవ్వొత్తి రుద్దండి, దిమ్మెలు అంటుకునే గళ్ళలో మాత్రం వద్దు.

అభ్యాసం: ఈ వారం చెక్క ముట్టుకోవద్దు. పెళ్ళిపత్రిక అట్ట మీద సగం టెంప్లెట్ మళ్ళీ మొదటినుంచి గీసి కోయండి, ఐదు సార్లు. ఐదింటినీ ఒకే కాగితం మీద, ఒకే పిన్నుల మీద పెట్టి గీయండి, తిరగేసి కూడా. గీతల కట్ట ఎక్కడైనా 0.5 మి.మీ. కంటే మందమైతే ఆ చోటును మళ్ళీ చేయండి. తర్వాత నాకు నాలుగు అంకెలు పంపండి: పొడవు, పైభాగం, నడుము, కింది భాగం. 349, 161, 103, 201 వచ్చినవాళ్ళు ప్లైవుడ్ కొనుక్కోవచ్చు, 12 మి.మీ.ది, వంకర లేనిది.