కిలిమంజారోకి ఏ రూట్ తీసుకోవాలి: ముందు రాత్రులు లెక్కపెట్టండి

కిలిమంజారో వెళ్దామనుకునే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే, ఏ రూట్ ఈజీ అని. ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. టాంజానియాలో ఉన్న 5,895 మీటర్ల కొండ అది, మామూలు రూట్లలో తాడు కట్టుకుని ఎక్కాల్సిన చోటు ఎక్కడా లేదు, నడిచే ఓపిక ఉంటే చాలు, కానీ పైన దొరికే ఆక్సిజన్ మాత్రం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. జిమ్‌లో గంటలు గంటలు పరిగెత్తే కుర్రాళ్లు కూడా అక్కడ తలనొప్పి, వాంతులతో కూలబడిపోతారు, పక్కనే యాభై ఏళ్ల ఆవిడ నెమ్మదిగా నడుచుకుంటూ పైకి వెళ్లిపోతుంది. ఫిట్‌నెస్ ఉన్నంత మాత్రాన ఎత్తు ఒంటికి పడుతుందని లేదు, దానికి టైమ్ ఇవ్వాలి. అందుకని రూట్ చూసేటప్పుడు కొండ మీద ఎన్ని రాత్రులు, ఒక్కో రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం, ఈ రెండూ ముందు చూడండి, మిగతావన్నీ తర్వాత.

ట్రెక్కింగ్ కంపెనీ వాళ్లు పంపిన ప్లాన్‌లో రోజుకి ఎన్ని కిలోమీటర్లు, ఏం వ్యూ కనబడుతుంది అని బోలెడు రాసి ఉంటుంది. అదంతా వదిలేసి ఒక కాగితం మీద రాత్రి పడుకునే క్యాంపుల ఎత్తులు మాత్రం వరసగా రాసుకోండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు, మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి ఆగాలి, ఇది డాక్టర్లు చెప్పే లెక్క. ఇప్పుడు మరంగు రూట్ అయిదు రోజుల ప్లాన్ తీసుకోండి, మందారా హట్స్ 2,700, హొరొంబో 3,700, కిబో 4,700 (అన్నీ సుమారుగా), కిబోలో కాసేపు నడుం వాల్చి అదే అర్ధరాత్రి సమ్మిట్‌కి బయల్దేరడం. అంటే రోజుకి వెయ్యి మీటర్లు. ఖర్చు తక్కువ అని చాలామంది బుక్ చేసేది ఇదే, నన్నడిగితే ఎవరికీ చెప్పను. అదే మరంగులో హొరొంబో దగ్గర రెండు రాత్రులు ఉండే ఆరు రోజుల ప్లాన్ ఉంది, మధ్య రోజు జీబ్రా రాక్స్ దాకా పైకి నడిచి మళ్లీ కిందకి వచ్చి పడుకుంటారు, అది కాస్త నయం.

పైకి ఎక్కి కిందకి దిగి పడుకోవడం అన్నాను కదా, అసలు కీలకం అక్కడే ఉంది. లెమోషో, మచామే రూట్లు రెండిట్లోనూ లావా టవర్ అని 4,600 మీటర్ల దగ్గర ఒక పెద్ద రాతి గుట్ట వస్తుంది, మధ్యాహ్నానికి అక్కడికి చేరి భోజనం చేసి, సాయంత్రానికి 3,950 దగ్గరున్న బరాంకో క్యాంపుకి దిగిపోతారు. లావా టవర్ దగ్గర చాలామందికి తల దిమ్ముగా ఉంటుంది, ప్లేటు ముందు పెట్టినా తినబుద్ధి కాదు, ఇక నా వల్ల కాదేమో అనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఒక గంట దిగేసరికి, జెయింట్ సెనెసియో అనే వింత చెట్లు కనబడే చోటికి వచ్చేసరికి, చాలామందికి తల తేలికపడి ఆకలి మొదలవుతుంది. ఆ ఒక్క రోజు ఒంటికి చేసే మేలు ఇంతా అంతా కాదు. మీరు చూస్తున్న ప్లాన్‌లో లావా టవర్ తప్పించి షార్ట్‌కట్‌లో బరాంకోకి తీసుకెళ్తాం అని ఉంటే ఒప్పుకోకండి.

ఇక ఎంచుకోవడం. సెలవు, డబ్బు రెండూ కుదిరితే ఎనిమిది రోజుల లెమోషో తీసుకోండి, మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది అదే. పడమర వైపు నుంచి మొదలై అడవిలో ఒక రాత్రి, తర్వాత షిరా పీఠభూమి మీద 3,500 దగ్గర ఒకటి, 3,850 దగ్గర ఇంకొకటి, లావా టవర్ ఎక్కి బరాంకోలో ఒకటి, కరంగాలో 4,000 దగ్గర ఒకటి, అప్పుడు 4,670 దగ్గరున్న బరాఫు. చివరి మెట్టు ఒక్కటే 500 దాటుతుంది, అప్పటికి ఒళ్లు కాస్త అలవాటు పడి ఉంటుంది. మచామే అందంలో తక్కువేం కాదు, కానీ జనం ఎక్కువ, మొదటి రెండు రోజులు ఎత్తు గబగబా పెరిగిపోతుంది, తీసుకుంటే కరంగా దగ్గర ఆగే ఏడు రోజుల ప్లానే తీసుకోండి, ఆరు రోజులది బరాంకో నుంచి నేరుగా బరాఫుకి నడిపించి అదే రాత్రి సమ్మిట్‌కి లేపుతుంది, నిద్ర లేదు, అలసట తీరదు. నార్తర్న్ సర్క్యూట్ అన్నిటికంటే పొడవైంది, తొమ్మిది రోజులు, లెమోషో దారిలోనే మొదలై ఉత్తరం వైపు కొండని చుట్టేస్తుంది, ఎత్తు అలవాటు పడటానికి దాన్ని మించింది లేదు, జనం కూడా పలచగా ఉంటారు, ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది, ఎందుకంటే పార్కు ఫీజులు రోజుల లెక్కన కట్టాలి, సిబ్బంది జీతాలూ అంతే.

రోంగై గురించి మనవాళ్లకి పెద్దగా తెలీదు. కెన్యా బోర్డర్ వైపు నుంచి మొదలవుతుంది, ఆ పక్క వాన తక్కువ పడుతుంది, కాబట్టి నవంబర్ లాంటి వాన నెలలో తప్ప సెలవు దొరకదు అనేవాళ్లకి అదే మంచిది. మార్చి చివరి నుంచి మే దాకా మాత్రం పెద్ద వానలు, ఆ నెలల్లో ఏ రూట్ అయినా పెట్టుకోకపోవడమే మేలు. జనవరి, ఫిబ్రవరి, మళ్లీ జూన్ నుంచి అక్టోబర్ దాకా సీజన్. రోంగైలో ఏడు రోజులది చూసుకోండి, మవెంజి టార్న్ అనే చిన్న మడుగు పక్కన 4,300 దగ్గర రెండు రాత్రులు ఉండేలా. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లకి కూడా ఇది నయం, ఎందుకంటే లెమోషో, మచామేలో బరాంకో వాల్ అని సుమారు 250 మీటర్ల నిట్టనిలువు గోడలాంటిది ఎక్కాలి. తాళ్లేం అక్కర్లేదు, పోర్టర్లు నెత్తిన మూటలతో ఎక్కేస్తుంటారు, కానీ చేతులతో రాళ్లు పట్టుకోవాల్సిన చోట్లున్నాయి, పక్కన లోయ కనబడుతుంది, భయం ఉన్నవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లాలి.

ఉంబ్వే అనే ఇంకో రూట్ చాలా నిటారు, అప్పటికే ఎత్తుకి అలవాటుపడ్డ వాళ్లకి తప్ప వద్దు. పడమర వైపు నుంచి పైకెక్కే వెస్టర్న్ బ్రీచ్ అనే దారి మీదుగా తీసుకెళ్తాం అంటే కూడా వద్దనే చెప్తాను, అక్కడ రాళ్లు జారిపడతాయి, 2006 జనవరిలో అలాగే ముగ్గురు చనిపోయారు.

టెంట్‌లో పడుకోలేం అనేవాళ్లకి మరంగు ఒక్కటే దారి, హట్స్‌లో బంకు మంచాలు ఉంటాయి. దిగేది కూడా ఎక్కిన దారినే. లెమోషో, మచామే వాళ్లు మ్వేకా వైపు దిగుతారు, సమ్మిట్ అయిన రోజే 5,895 నుంచి 3,100 దాకా దిగడం, మోకాళ్లు పట్టేస్తాయి. తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లు అలిపిరి మెట్లు ఎక్కి బస్సులో దిగకుండా, దిగేటప్పుడు కూడా నడవండి, వీపున ఆరేడు కిలోల బ్యాగు వేసుకుని. 3,550 మెట్లు దిగాక మోకాళ్ల సంగతి మీకే తెలుస్తుంది. తీరంలోనూ హైదరాబాద్‌లోనూ ఎంత ప్రాక్టీస్ చేసినా ఎత్తు అలవాటు మాత్రం రాదు, కాళ్లే గట్టిపడతాయి, ఎత్తు కోసం ముందుగా కిలిమంజారో దగ్గర్లోనే ఉన్న మౌంట్ మేరు అనే కొండ, 4,560 మీటర్లది, ఎక్కి వెళ్లేవాళ్లు ఉన్నారు, సెలవు ఉంటే మంచి పనే.

బుక్ చేసేముందు కంపెనీని కొన్ని అడగండి. గైడ్ లేకుండా ఎక్కనివ్వరు కాబట్టి మీ ప్రాణం వాళ్ల చేతిలోనే. సక్సెస్ రేటు తొంభై అయిదు శాతం అంటే, గిల్మన్స్ పాయింట్, స్టెల్లా పాయింట్ దాకా వెళ్లినవాళ్లని కూడా కలిపి చెప్తున్నారా, ఉహురు పీక్ దాకా చేరినవాళ్లనేనా అని అడగండి, మొదటి రెండూ పైన ఉన్న అగ్నిపర్వత బిలం అంచు మీద ఉంటాయి, అసలు శిఖరం ఉహురు ఇంకా ముందుంది, గిల్మన్స్ నుంచి అయితే గంటన్నర రెండు గంటల నడక. రోజూ పల్స్ ఆక్సీమీటర్‌తో చూస్తారా, ఆక్సిజన్ సిలిండర్ వెంట ఉంటుందా, ఒకరికి బాగోలేక దిగాల్సి వస్తే వాళ్లతో వెళ్లడానికి ఇంకో గైడ్ ఉన్నాడా. పోర్టర్లకి ఎంత ఇస్తారు, ఎక్కడ పడుకోబెడతారు అని కూడా అడగండి, పోర్టర్ మోసే బరువు 20 కిలోలు దాటకూడదని రూల్ ఉంది, గేటు దగ్గర తూకం వేస్తారు. పోర్టర్ల బాగోగులు చూసే కేపాప్ అనే సంస్థ ఉంది, దానితో కలిసి పనిచేసే కంపెనీ అయితే మీ డబ్బు వాళ్లకి చేరుతుందని కాస్త నమ్మకం. బాగా చవగ్గా ఇస్తున్నారంటే ఆ కోత పడేది పోర్టర్ల కూలి మీదా తిండి మీదే.

ఇన్సూరెన్స్ 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్‌కి వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి చూసుకోండి, మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు అంత ఎత్తుకి వర్తించవు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది మీ డాక్టర్‌ని అడిగి తేల్చుకోండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. మాత్ర వేసుకుంటాం కదా అని ఎనిమిది రోజుల ప్లాన్‌ని ఆరుకి కుదించకండి. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందకి దిగాల్సిందే, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, గైడ్ దిగమంటే బేరం ఆడొద్దు.