గంతలు కట్టుకుని చదివే పిల్లలకు పరీక్ష పెట్టడం ఎలా

మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ పేరుతో శిబిరాలు పెట్టేవాళ్ళు చెప్పేది ఒకటే: రెండు రోజులు శిక్షణ ఇస్తే పిల్లవాడు కళ్ళకు గంతలు కట్టుకుని పుస్తకం చదివేస్తాడట. మధ్య మెదడును కొత్తగా నిద్రలేపాల్సిన పనేమీ లేదు. వెలుగు పడితే కనుపాప ముడుచుకోవడం దాని పనే, అది పుట్టినప్పటి నుంచీ జరుగుతూనే ఉంది. అయినా వాదనకు దిగవద్దు. ఇంట్లోనే, ఒక పూటలో, కొద్దిపాటి సామానుతో తేల్చుకోవచ్చు.

కిటుకంతా ముక్కు పక్కన ఉంది. గంత ఎంత బిగించినా ముక్కు దూలానికీ చెంపకీ మధ్య పల్లం పూడదు. మీరే చున్నీ నాలుగు మడతలు వేసి కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, చూపు కిందికి దించండి. ఒళ్ళో ఉన్న పేపరు హెడ్డింగు కనబడుతుంది. గోధుమపిండి ముద్దలు పెట్టి పైన దూది వేసి కట్టినా అంతే. కనుబొమలు ముడిచి వదిలితే ముద్ద జరుగుతుంది. 1930లలో కుదా బక్ష్ అనే ఇంద్రజాలికుడు లండన్‌లో ఇలా పిండి ముద్దలతో కళ్ళు మూసుకుని ప్రదర్శనలిచ్చాడు. ఇంద్రజాలికులకు ఇది పాత విద్యే.

అందుకే గంతను బాగుచేసే పని పెట్టుకోకండి. ఈత కళ్ళద్దాలకు నల్ల టేపు అంటించవచ్చు గానీ, మే నెల బెజవాడ ఉక్కకు పది నిమిషాల్లో చెమటపట్టి ముక్కు దగ్గర టేపు ఊడుతుంది. గంత వాళ్ళదే ఉండనివ్వండి. దాచాల్సింది కాగితాన్ని.

ముందు ఒక మామూలు ప్రదర్శన చేయించండి, అడ్డు చెప్పకుండా. కార్డును ముక్కు కిందే పట్టుకుంటున్నాడా, వాసన చూస్తున్నట్టు దగ్గరికి తెస్తున్నాడా, తల వెనక్కి వాలుస్తున్నాడా గమనించండి. ఆపైన గడ్డం కింద ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. చాలాసార్లు కథ ఇక్కడే ముగుస్తుంది. ముగియకపోతేనే కవర్ల పరీక్ష: మూసిన కవరులో ఏ అంకె ఉందో పిల్లవాడు చెప్పాలి. కళ్ళతో పనిలేని చూపుకు కవరూ అడ్డు కాకూడదు కదా.

0 నుంచి 9 దాకా అంకెలను విడివిడి కాగితాల మీద పెద్దగా ప్రింటు తీయించండి. చేత్తో రాస్తే బాల్‌పెన్ను గాడి వేలికి తగులుతుంది, స్కెచ్ పెన్ను అవతలికి ఊరుతుంది. ఒక్కో అంకెకు ఏడెనిమిది ప్రతులు ఉంచుకోండి. 20 ఖాకీ కవర్లు, వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్ట ఒకటి కావాలి.

అంకెలను మనసులో అనుకుని ఎంచుకోవద్దు. మనుషులకు 7, 3 మీద మక్కువ, పిల్లవాడికీ అదే మక్కువ ఉంటే ఊరికే మార్కులు పడతాయి. పది చీటీలు స్టీలు డబ్బాలో వేసి, బాగా కుదిపి, ఒకటి తీసి రాసుకుని, మళ్ళీ డబ్బాలో వేసి కుదపాలి. ఇలా 20 సార్లు. వచ్చిన అంకె కాగితాన్ని ఫాయిల్‌లో చుట్టి, కవరులో పెట్టి, అంటించిన చోట సంతకం చేసి, పైన వరుస నంబరు వేయండి.

ఈ పని చేసినాయన పరీక్ష గదిలోకి రాకూడదు. గదిలో కూర్చునే రెండో మనిషికి ఏ కవరులో ఏముందో తెలియకూడదు. ఇది చాదస్తం అనిపిస్తుంది, కాదు. జర్మనీలో లెక్కలు చేస్తుందన్న క్లెవర్ హాన్స్ అనే గుర్రం, ప్రశ్న అడిగిన మనిషి కదలికలను బట్టే డెక్క తట్టడం ఆపుతోందని 1907లో ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు తేల్చాడు. అడిగినవాళ్ళకే తమ కదలిక తెలియదు. తల్లిదండ్రులనూ శిక్షకుడినీ పిల్లవాడి వెనక కూర్చోబెట్టండి.

ఎన్ని వస్తే నెగ్గినట్టో ముందే కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టాలి. ఊరికే ఊహించినా 20కి సగటున 2 కలుస్తాయి. 8 లేదా అంతకన్నా ఎక్కువ కాకతాళీయంగా రావడం పదివేల పరీక్షల్లో నాలుగు సార్ల మాట, కాబట్టి గీత 8 దగ్గర గీయండి. ‘నమ్మనివాళ్ళు ఉంటే తరంగాలు పనిచేయవు’, ‘ఇవాళ మూడ్ లేదు’ అనే మాటలు ఓడాక వస్తాయి. అందుకే మామూలు ప్రదర్శన అవగానే, ‘ఈ గదిలో, ఈ మనుషుల ముందు శక్తి బాగానే ఉందిగా?’ అని శిక్షకుడిని అడిగి ఆ జవాబూ రాయించండి.

20 జవాబులూ రాసుకునేదాకా ఒక్క కవరూ విప్పవద్దు. ‘పాస్’ అనే వీలు ఇవ్వకండి, తెలియకపోతే ఊహించి ఏదో ఒకటి చెప్పమనండి.

ఇదేం కొత్త షరతు కాదు. 1963లో హేతువాది అబ్రహాం కోవూర్ శ్రీలంకలో లక్ష రూపాయల సవాలు విసిరినప్పుడు, సీలు వేసిన కవరులోని నోటు నంబరు చదవడం అందులో ఒకటి. బెజవాడ పటమటలోని నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పులగుండం నడిచి చూపించిందీ ఈ పద్ధతే: అడిగి ఊరుకోకుండా చేసి చూడటం.

పిల్లవాడు ఓడితే వాడిని దొంగ అనకండి, వీడియో వాట్సాప్‌లో పెట్టకండి. సందులోంచి చూస్తున్నానని చెప్పే ధైర్యం ఎనిమిదేళ్ళ పిల్లకు ఉండదు, ఫీజు కట్టింది అమ్మానాన్న. చాటుగా, ‘ముక్కు పక్కనుంచి కాస్త కనబడుతుంది కదమ్మా, నాకూ కనబడింది’ అంటే చాలావరకు తలూపుతారు.

ఒకవేళ 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే వెంటనే చప్పట్లు కొట్టకండి. కవర్ల అంటింపు, సంతకాలు చూడండి. కవర్లు సిద్ధం చేసినాయన ఫోను ఎవరి చేతిలో ఉందో కనుక్కోండి. మరో ఇద్దరితో, కొత్త కవర్లతో, ఇంకో వారం మళ్ళీ పెట్టండి.