పచ్చడి సీసా సర్దే ముందు

భీమవరం, అమలాపురం వైపు పిల్లలు విదేశాలకు చదువుకి బయలుదేరుతుంటే ఇంట్లో ముందు సర్దేది ఆవకాయే. దాన్ని చేతిసంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. చెకిన్ పెట్టెలోనే వేయండి. పైన తేలే పప్పునూనె కాస్త వంపేసి, సీసా మూతికి ప్లాస్టిక్ కవరు పరిచి మూత బిగించండి. చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి, తువ్వాలులో చుట్టి బట్టల మధ్య దోపండి. నూనె అక్కడ కాచి పోసుకోవచ్చు.

అమెరికా వెళ్తుంటే మాత్రం, అమ్మ ఎంత బతిమాలినా, కోడి పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. ఆస్ట్రేలియా అయితే దిగేటప్పుడు ఇచ్చే కార్డులో తిండి వస్తువులున్నాయని తప్పకుండా రాయండి. చెప్తే మహా అయితే సీసా పోతుంది. దాచి దొరికితే జరిమానా, ఒక్కోసారి వీసాకే ఎసరు.