లారీకి టైమ్ ఇచ్చే ముందు లెక్క కట్టండి: ఓవర్‌స్పీడ్ కేసు ఆఫీసులో కూర్చున్నవాళ్ల మీదకీ వస్తుంది

లారీ ఓవర్‌స్పీడ్‌లో దొరికితే చలానా కట్టేసి, ఆ డబ్బు డ్రైవరు బత్తాలో కోసుకోవడం చాలా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో మామూలే. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ఒకసారి చదవండి. లిమిట్ దాటి నడిపినవాడికే కాదు, తన దగ్గర పనిచేసేవాడి చేత అలా నడిపించినవాడికీ జరిమానా ఉంది, హెవీ బండి అయితే 2,000 నుంచి 4,000 రూపాయల దాకా. అసలు మెలిక నాలుగో ఉపసెక్షన్‌లో ఉంది: ఫలానా టైముకల్లా చేరాలని మీరు చెప్పారు, స్పీడ్ లిమిట్‌లో ఉంటే ఆ టైముకి చేరడం అయ్యే పని కాదని కోర్టుకి అనిపించింది, అంతే, మీరు చెప్పిన ఆ మాటే మీ మీద ప్రాథమిక సాక్ష్యం, అంటే కాదని మీరు చూపించేదాకా అది మీ మీద సాక్ష్యంగా నిలుస్తుంది. "తెల్లారి ఐదింటికి గోడౌన్ దగ్గరుండాలి, ఏం చేస్తావో నాకు తెలీదు" అని వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్ డ్రైవరు ఫోన్‌లో ఉంటుందని మర్చిపోకండి. బండి కంపెనీ పేరు మీద ఉంటే 199వ సెక్షన్ కింద బాధ్యులైన వాళ్లూ దొరుకుతారు, తమకు తెలియదనో, జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో వాళ్లే నిరూపించుకోవాలి.

ఇక లెక్క. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం గూడ్స్ బండికి డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద గంటకు 80, ఊళ్లలోనూ మిగతా రోడ్ల మీదా 60 కిలోమీటర్లు. అంతకన్నా తక్కువ బోర్డు ఉంటే ఆ బోర్డే లెక్క. దూరాన్ని 80తో భాగించి టైము ఇచ్చేస్తారు చూడండి, అక్కడే కొంప మునిగేది. లోడు బండికి ఘాట్లు, టోల్ గేట్లు, ఊళ్లు అన్నీ కలిపి సగటు 45 వస్తే గొప్ప. హైదరాబాద్ నుంచి బెంగళూరు 570 కిలోమీటర్లు అనుకుంటే పన్నెండున్నర గంటల పైమాటే, అదీ ఒట్టి డ్రైవింగే. పని గంటల నిబంధనేమో మామూలుగా రోజుకు 8 అంటుంది. అంటే ఒక్క డ్రైవరుతో పంపితే కర్నూలులో అరగంటైనా విశ్రాంతి ఇచ్చి, గుత్తికీ అనంతపురానికీ మధ్య ఎక్కడో రాత్రి పడుకోనివ్వాలి. లేదా ఇద్దరు డ్రైవర్లను పెట్టండి. హెవీ లైసెన్సు లేని క్లీనరు రెండో డ్రైవరు కాడు, ఈ మాట ఇంకా చెప్పాల్సి రావడమే విడ్డూరం.

ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసుకునే ఆన్‌లైన్ పత్రం) టైము అయిపోతోందని తొందరపెట్టేవాళ్లూ ఉన్నారు. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు ఇస్తున్నారు, బెంగళూరుకి మూడు రోజులు వస్తాయి. చాలకపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందూ తర్వాతా పొడిగించుకోవచ్చు.

నిజానికి టైము పోయేది రోడ్డు మీద కన్నా లోడింగ్ దగ్గర. సాయంత్రం ఆరుకి కదలాల్సిన బండిని పార్టీ, అంటే సరుకు పంపేవాళ్లు, రాత్రి పదింటికి వదిలితే, చేరే టైము కూడా నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టాలి, సిటీలో నో-ఎంట్రీ వేళలు అడ్డొస్తే ఇంకా ఎక్కువ. ఆ సంగతి డ్రైవరుకీ పార్టీకీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. ట్రిప్ షీటులో బయల్దేరిన టైము, ఆగిన చోట్లు, కొత్తగా ఇచ్చిన టైము రాయించండి. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో రెండు టోల్ గేట్ల మధ్య సగటు 80 దాటిందా అని వారానికోసారి చూసుకోండి, దాటితే ముందు మీరిచ్చిన టైమును సరిచేసి, ఆ తర్వాత డ్రైవర్ని పిలవండి. ముందే చేరినవాడికి ఎక్స్‌ట్రా బత్తా ఇచ్చే పద్ధతి మానేయండి. చేరే టైము మార్చడానికి పార్టీ ఒప్పుకోకపోతే కిరాయి మాట్లాడేటప్పుడే లోడింగ్ ఆలస్యానికి హాల్టింగ్ చార్జీ ఎంతో రాసుకోండి, అప్పుడు వాళ్లే బండిని త్వరగా వదులుతారు.