లగ్జరీ ఈవీ (కరెంటు కారు) కొనేముందు: మొదటి మూడేళ్ళ నష్టం మన మీద పడకుండా ఎలా చూసుకోవాలి

ఇక్కడ డాలస్‌లో మనవాళ్ళు వారానికొకరైనా అడుగుతున్నారు, అన్నా పోర్షే టైకాన్ తీసుకోమంటావా, మెర్సిడెస్ ఈక్యూఎస్ తీసుకోమంటావా అని. తీసుకోండి, కానీ కొత్తది వద్దు, రెండు మూడేళ్ళు వాడింది చూడండి. నేను 2021లో ఒక లగ్జరీ ఈవీ కొత్తది కొన్నా, మూడేళ్ళకి అమ్ముదామని తీసుకెళ్తే కొన్న రేటులో సగం కూడా చెప్పలేదు, బ్యాంకుకి కట్టాల్సిన లోన్ అంతకంటే ఎక్కువుంది, ఆ పార్కింగ్‌లోనే కూర్చుండిపోయా, మా ఆవిడకి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బాధ ఇంకొకళ్ళు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

పెట్రోల్ లగ్జరీ బండి రేటు కూడా పడుతుంది. ఈవీకి అదనంగా ఏంటంటే కంపెనీయే కొత్త బండి రేటు తగ్గించేస్తుంది. 2023 జనవరిలో టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్‌ని 65,990 డాలర్ల నుంచి 52,990కి దించింది, అంతకుముందు పూర్తి రేటుకి కొన్నవాళ్ళకి 13 వేలు పోయినట్టే కదా. దానికి తోడు టెక్నాలజీ, పాత టైకాన్ మహా అయితే 270 కిలోవాట్లతో చార్జ్ అయ్యేది, 2025 మోడల్ 320 తీసుకుంటుంది, రేంజ్ కూడా బాగా పెరిగింది, అలాంటప్పుడు పాతదానికి ఎక్కువ ఎవరిస్తారు.

వాడిన బండి చూడ్డానికి వెళ్తే ముందు అడగాల్సింది అది మొదటిసారి రోడ్డెక్కిన తేదీ. బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్ళు ఉంటుంది, అది ఆ రోజు నుంచే లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. మైళ్ళ లిమిట్ కూడా ఉంటుంది, టైకాన్‌కి లక్ష. తర్వాత విన్ నంబర్ (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ బళ్ళని వెనక్కి పిలిచి బాగుచేసేవి, పెండింగ్ ఉన్నాయేమో చూడండి, 2020-24 టైకాన్లకి బ్యాటరీ షార్ట్ సర్క్యూట్ రీకాల్ వచ్చింది, ఆ పని అయిందని పేపర్ మీద చూపిస్తేనే ముందుకెళ్ళండి.

ఫుల్ చార్జ్‌లో స్క్రీన్ మీద కనిపించే మైళ్ళు చూసి నమ్మకండి, చాలా బళ్ళలో ఆ నంబర్ అంతకుముందు నడిపినవాళ్ళ డ్రైవింగ్‌ని బట్టి మారుతుంది. బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ అడగండి, ఇవ్వడం కుదరదంటే ఆ బండి వదిలేయండి, ఇంకోటి దొరుకుతుంది.

టైర్లు మాత్రం మీరే చూసుకోవాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి ఫోన్ టార్చ్ వేసి ముందు టైరు లోపలి అంచు చూడండి, వెనక టైర్లకైతే వంగి చేత్తో తడమండి. బరువైన బళ్ళు కదా, బయటికి బాగానే కనిపించే టైరు లోపలి వైపు తీగలు తేలిపోయి ఉంటుంది, 21 అంగుళాల టైర్లు నాలుగూ మార్చాలంటే ఈజీగా వెయ్యి డాలర్లు దాటుతుంది, ఆ డబ్బు బేరంలోనే తగ్గించమనండి.

కొత్తదే కావాలని ఇంట్లో గట్టిగా ఉంటే లీజుకి తీసుకోండి, మూడేళ్ళ తర్వాత రేటు ఎంత పడిపోయినా అది లీజు కంపెనీ చూసుకుంటుంది, మీరు మైళ్ళు దాటకుండా, బండికి దెబ్బలు తగలకుండా చూసుకుని తాళాలిచ్చి వచ్చేయడమే. పాత వీడియోలు చూసి 7,500 డాలర్ల ఫెడరల్ క్రెడిట్ (ఈవీ కొంటే ప్రభుత్వం ఇచ్చిన పన్ను రాయితీ) లెక్కలో కలుపుకోకండి, 2025 సెప్టెంబర్ 30తో అది అయిపోయింది, వాడినవాటికి ఇచ్చే 4,000 కూడా అంతే. అడ్వాన్స్ ఇచ్చేముందు అదే విన్ నంబర్‌తో ఇన్సూరెన్స్ కోట్ కూడా తీసుకోండి, బండి సగం రేటుకి దొరికినా ప్రీమియం సగం అవ్వదు.