గోరంత మెసేజ్‌కి కొండంత డేటా: చాట్ యాప్‌లో సమస్య - పరిష్కారం

సమస్య: ఇంగ్లీషులో చాట్ చేస్తే బానే ఉంటది, తెలుగులోనో కన్నడలోనో పంపితే మెసేజ్ సైజు ఎక్కడికో వెళ్లిపోతది. బెంగళూరు ఆఫీసుల్లో టెస్టింగ్ అంతా వైఫై మీద, హలో హాయ్ అని కొట్టి కానిచ్చేస్తారు కాబట్టి ఇది ఎవరి కంటా పడదు, తర్వాత సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నోడు కంప్లైంట్ పెడితే గానీ తెలీదు.

కారణం: "వచ్చేశా" అనే మాటలో 7 యూనికోడ్ అక్షరాలు (యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక; వత్తులు, గుణింతాలు విడిగా లెక్కే), ఆ నంబర్లని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. ఇది న్యాయమైన ఖర్చే. కానీ పైథాన్, పీహెచ్‌పీ రెండూ జేసన్ (యాప్, సర్వర్ మధ్య డేటా పంపే టెక్స్ట్ రూపం) తయారు చేసేటప్పుడు మామూలుగా ఒక్కో అక్షరాన్నీ బ్యాక్‌స్లాష్-యు కోడ్‌గా ("వ" అయితే \u0C35) మార్చేస్తాయి, అంటే అక్షరానికి 6 బైట్లు, 42 అయింది. ఆ జేసన్‌ని మళ్లీ స్ట్రింగ్ చేసి ఇంకో జేసన్‌లో కూరితే బ్యాక్‌స్లాష్ కూడా డబుల్ అయ్యి అక్షరానికి 7 బైట్లు.

పరిష్కారం: పైథాన్‌లో ఎన్‌ష్యూర్-ఆస్కీ ఫాల్స్ పెట్టండి, పీహెచ్‌పీలో అన్‌ఎస్కేప్డ్ యూనికోడ్ ఫ్లాగ్. అవతల జేసన్‌ని చదివే పార్సర్ రెండు రకాలూ చదువుద్ది కాబట్టి యాప్ అప్‌డేట్ అక్కర్లేదు. యూటీఎఫ్-16కి పోదాం, అక్కడ తెలుగు అక్షరానికి 2 బైట్లే కదా అనేవాళ్లు ఉంటారు, వద్దు, బ్రాకెట్లూ కీలూ అన్నీ డబుల్ అవుతాయి, పైగా సిస్టమ్‌ల మధ్య తిరిగే జేసన్ యూటీఎఫ్-8లోనే ఉండాలని 2017 స్టాండర్డ్ చెప్తది.

సమస్య: ఎవరూ మాట్లాడట్లేదు, అయినా డేటా కారిపోతుంది.

కారణం దాదాపు ఎప్పుడూ పోలింగే. కొత్తవేమన్నా ఉన్నాయా అని యాప్ సర్వర్‌ని అడిగిన ప్రతిసారీ కుకీలు, టోకెన్, హెడర్లు (మెసేజ్ ముందు తగిలించే సమాచారం) అన్నీ మోసుకుపోతది. వెబ్‌సాకెట్‌కి (ఒకసారి తెరిచి అలాగే ఉంచే కనెక్షన్) మారితే 125 బైట్ల లోపు మెసేజ్‌కి ఫ్రేమ్ హెడర్ సర్వర్ నుంచి 2 బైట్లు, ఫోన్ నుంచి మాస్క్‌తో కలిపి 6. అలాగని సంబరపడొద్దు, కింద ఐపీ, టీసీపీ హెడర్లకి కనీసం 40 బైట్లు, ఐపీవీ6 అయితే 60, ఎన్‌క్రిప్షన్ చేసే టీఎల్‌ఎస్ 1.3కి ఇంకో 22 ఉండనే ఉన్నాయి. అందుకే ప్రతి కీ నొక్కుడికీ "టైపింగ్" అని పంపించే డిజైన్ నాకు అస్సలు నచ్చదు, కొన్ని సెకన్లకోసారి చాలు.

సమస్య: డేటా కుదించడానికి జీజిప్ ఆన్ చేసినా లాభం లేదు.

కారణం: దాని సొంత హెడర్, ట్రైలరే కలిపి 18 బైట్లు, చిన్న మెసేజ్ ఇంకా పెరుగుద్ది. వెబ్‌సాకెట్‌లో పర్-మెసేజ్-డిఫ్లేట్ అనే కుదింపు వాడండి, పాత మెసేజ్‌లు గుర్తుపెట్టుకుంటది కాబట్టి రిపీటయ్యే కీలు బాగా కుదించుకుపోతాయి, కాకపోతే కనెక్షన్‌కింత అని సర్వర్ మెమరీ తింటది.

ఫొటోలు మూడో వంతు ఉబ్బితే బేస్64 (ఫైల్‌ని టెక్స్ట్‌గా మార్చే పద్ధతి) అనుకోండి, ఫైల్ విడిగా అప్‌లోడ్ చేసి లింక్ పంపండి, అంతే.

ఇక అన్నిటికీ ప్రోటోబఫ్ (జేసన్ బదులు వాడే బైనరీ ఫార్మాట్) అనే మందు రాసే సీనియర్లు ఉంటారు. దాంట్లో ముఖ్యంగా పోయేది కీల పేర్లు, కొటేషన్లు లాంటివే, తెలుగు టెక్స్ట్ అక్కడా అదే 21 బైట్లు. యూయూఐడీని (ఒక్కోదాన్నీ గుర్తించే ప్రత్యేక ఐడీ) 36 అక్షరాల స్ట్రింగ్‌గానే ఉంచి ఫార్మాట్ మార్చినా పెద్దగా ఒరిగేదేం లేదు, ముందు దాన్ని 16 బైట్లు చెయ్యండి. కొలిచేటప్పుడు వెబ్‌సాకెట్‌కి బ్రౌజర్ డెవ్‌టూల్స్ చూపించేది మెసేజ్ సైజు మాత్రమే, వైర్ మీద నిజంగా ఎంత పోతుందో నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్‌లో చూసుకోండి.